పాల పుట్టగొడుగుల విత్తనం అనుకుని తెచ్చాను, సంచుల్లో ఇంకేదో వచ్చింది. పర్లాకిమిడి, గుణుపురం వైపు పెంచేవాళ్ళు చెప్పండి

టెక్కలి ఆడపడుచు:

నమస్కారమండి. మాది టెక్కలి దగ్గర పల్లె, ఇచ్చింది ఒడిశాలో పర్లాకిమిడి. అత్తవారింట్లో అందరం తెలుగే మాట్లాడతాం. నాకు ఒడియా వింటే అర్థమవుతుంది, బజారులో బేరం ఆడేంత మాట్లాడతాను, చదవడం రాదు.

రెండేళ్ళ కిందట ఆవుల్ని అమ్మేశాక పెరట్లో సాల ఖాళీ అయిపోయింది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పైన పెంకులు, ఒక పక్క తాటాకు దడి. మొన్న డిసెంబరులో అందులో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు వేశాను. ఇక్కడ ధింగ్రి అంటారు. గడ్డి రెండంగుళాల ముక్కలు కోసి, కళాయిలో ఉడకబెట్టి, ఆరబెట్టి, సంచుల్లో విత్తనం పొరలు పొరలుగా వేసి వేలాడదీశాను. నలభై సంచులు. ఫిబ్రవరి ఆఖరు దాకా చక్కగా వచ్చాయి, వీధిలోనే అమ్ముడైపోయాయి. అందులో నాకు అనుమానాలేం లేవు.

మార్చి సగమయ్యేసరికి ఎండ ముదిరింది. పిందె వేసినవి వేసినట్టే ఎండి రాలిపోయాయి. ఎండాకాలానికి పాల పుట్టగొడుగులు వెయ్యాలని, ముప్పై అయిదు డిగ్రీల వేడికి కూడా వస్తాయని తెలుగు వీడియోల్లో చూశాను. ఇక్కడ ఒక దుకాణానికి వెళ్ళి నాకొచ్చిన ఒడియాలో "పాల ఛొతు మొంజి ఉందా" అని అడిగాను. ఛొతు అంటే పుట్టగొడుగు, మొంజి అంటే విత్తనం. ఉందన్నారు. దూది బిరడా పెట్టిన గాజు సీసాలు ఆరు తెచ్చుకున్నాను. సీసా మీద కాగితం అంతా ఒడియాలోనే ఉంది.

ఉడకబెట్టిన గడ్డి సరిపోక మూడు సీసాలే ఆ రోజు వాడాను. ఆరు సంచులయ్యాయి. మిగిలిన మూడు సీసాలు పాడవకుండా ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాను.

మొదటి ఆరు సంచుల్లో అయిదో రోజుకి తెల్లదనం పాకింది, కానీ ధింగ్రిలాగా గట్టిగా, దూదిలాగా లేదు. పల్చగా సాలెగూడులా ఉంది. తొమ్మిదో రోజు పొద్దున్న చూస్తే సంచి గోడకి లోపలివైపు సగ్గుబియ్యంలాంటి తెల్లటి గింజలు. మర్నాటికి బూడిద రంగు. ఆ మర్నాటికి గోళీకాయలంత అయ్యాయి, పైన నల్లగా, కింద తెల్లగా. పాల పుట్టగొడుగు పాలలా తెల్లగా ఉండాలి కదా. ఇదేదో తెగులనుకున్నాను. మా అత్తయ్య కూడా, మిగతావాటికి అంటుకోకముందే తీసెయ్యమ్మా అన్నారు. నాలుగు సంచులు గెత్తం గోతిలో పారేసి మట్టి కప్పేశాను. గింజలు తక్కువగా ఉన్న రెండు సంచులకి మాత్రం వీడియోలో చెప్పినట్టు పైన మట్టి, ఇసక కలిపి పరిచాను. ఇరవై రోజులైంది. మట్టి మట్టిలాగే ఉంది, పుల్లటి వాసన వస్తోంది.

ఫ్రిజ్‌లో పెట్టిన సీసాలు ఎనిమిది రోజుల తర్వాత తీసి ఇంకో ఆరు సంచులు వేశాను. వాటిలో అసలు తెల్లదనమే పాకలేదు. పదకొండో రోజు తెల్లవారేసరికి సన్నటి కాడల మీద బూడిద రంగు గొడుగులు గుంపుగా లేచాయి. మధ్యాహ్నానికి అవి కరిగి నల్ల సిరాలా కారిపోయాయి. చెయ్యి పెడితే వేళ్ళు నల్లబడ్డాయి.

విత్తనమే చెడ్డదా? దుకాణానికి వెళ్ళి అడగాలా? నేనేమైనా తప్పు చేశానా? ఆవులు లేవు కాబట్టి గడ్డి కూడా కొనే తెస్తున్నాం, ఇంట్లో ఆ బెంగ ఉంది. జూన్ వచ్చేలోగా ఏదైనా నిలబడాలని నాకు చాలా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


గుణుపురం గడ్డిమేటు:

అమ్మా, ముందు ఆ నాలుగు సంచుల సంగతి చెప్తాను. చదువుతుంటే ప్రాణం ఉసూరుమంది. మీరు గోతిలో పూడ్చినవి తెగులు కాదు. అవే పుట్టగొడుగులు. ఇంకో రెండు రోజులుంచితే కోడిగుడ్డంత అయ్యేవి, కోసుకుని వండుకోవాల్సినవి.

మీరు అడిగింది పాల, వాళ్ళు విన్నది పాళ. ఒడియాలో పాళ అంటే వరిగడ్డి. పాళ ఛొతు అంటే వరిగడ్డి పుట్టగొడుగు. ఒడిశా అంతటా ఎండాకాలం, వానాకాలం ఇదే రాజు. పాళ ఛొతు అడిగితే పాళ ఛొతే ఇచ్చారు, దుకాణంవాళ్ళ తప్పేం లేదు. మీ తప్పూ లేదు. బజారు బేరాల్లో ఆ లకీ ఈ ళకీ అంత తేడా వినపడదు. మా గుణుపురంలో కూడా ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఇలాగే పొరబడ్డారు, ఇద్దర్ని నేనే చూశాను.

పేరు కలిసినా ఈ రెండింటికీ పోలికే లేదు. పాల పుట్టగొడుగుకి మట్టి పరచాలి, నెలన్నర ఓపిక పట్టాలి. వరిగడ్డి పుట్టగొడుగుకి మట్టి వద్దు, ముక్కలు కొయ్యడం వద్దు, సంచీ వద్దు. విత్తనం వేసిన పది పన్నెండు రోజుల్లో కోత. మీరు ఇరవై రోజులని లెక్కేసుకుని కూర్చున్నారు, అది తొమ్మిదో రోజే వచ్చి తలుపు తట్టింది.

ఫ్రిజ్ సంగతి వేరే. ధింగ్రి విత్తనం చల్లదనంలో నిద్రపోతుంది, బయటికి తీస్తే లేస్తుంది. పాళ ఛొతు విత్తనం అలా లేవదు, చచ్చిపోతుంది. ఇది వేడి దేశపు ప్రాణి. పాలు, పెరుగు పెట్టే చలికి అసలు తట్టుకోదు. ఆ మూడు సీసాలు ఫ్రిజ్‌లోనే పోయాయి. విత్తనం చచ్చిన తడిగడ్డి ఖాళీ పొలంలాంటిది, ఎవడో ఒకడు దున్నుకుంటాడు. ఆ నల్ల సిరా గొడుగులు అలా వచ్చినవే. మంచి బెడ్డులో (గడ్డి కట్టలు వరసలుగా పేర్చి వేసే పరుపు) కూడా నీళ్ళు ఎక్కువైనా, పప్పుపొడి ఎక్కువ చల్లినా, వానకి తడిసి పుచ్చిన గడ్డి వాడినా అవి ముందు లేస్తాయి. కనపడగానే గొడుగు విప్పకముందే పీకెయ్యాలి.

ఇక సీసా చూసి పోల్చుకోవడం చెప్తాను, చదవడం రాకపోయినా పనికొస్తుంది. పాల పుట్టగొడుగు విత్తనం, ధింగ్రి విత్తనం సున్నం పూసినట్టు తెల్లగా, దట్టంగా ఉంటాయి. పాళ ఛొతు విత్తనం పల్చగా, కొంచెం పారదర్శకంగా ఉంటుంది, అందులో అక్కడక్కడ ఇటుకపొడి చల్లినట్టు ఎర్రటి మచ్చలు ఉంటాయి. కొద్దిగా మచ్చలుంటే పక్వానికి వచ్చిందని. సీసా అంతా ఎర్రబడితే ముదిరిపోయిందని, తీసుకోవద్దు. తయారైన తేదీ అడగండి. రెండు మూడు వారాలు దాటింది నేను ముట్టను.

నేను 2016 నుంచి ఇదే పని. మొదటి ఏడాది సగం బెడ్లు పోయాయి, ఇప్పుడు పదిలో ఒకటి పోతుంది. నేను చేసేది ఇది.

గడ్డి ఈ ఏడాదిదే కావాలి, బంగారు రంగులో, వాన తగలనిది. కోత మిషను తొక్కేసిన గడ్డి నలిగిపోయి కట్టకి నిలవదు. చేత్తో కొట్టి నూర్చిన పొడుగు గడ్డి కావాలి. ఇప్పుడు కష్టమంతా అదే, మిషన్లు వచ్చాక పొడుగు గడ్డి దొరకడం లేదు. కొండ దిగువ ఊళ్ళలో చిన్న మళ్ళవాళ్ళు ఇంకా చేత్తోనే కోస్తారు, నవంబరులోనే వాళ్ళకి చెప్పి పెట్టుకుంటాను. బెడ్డుకి పది పన్నెండు కిలోల ఎండుగడ్డి పడుతుంది. చేతి మణికట్టంత లావు కట్టలు కట్టి, చివర్లు సమానంగా కోసి, సాయంత్రం తొట్టెలో నానేసి, మీద రాయి పెట్టి, పొద్దున్న తీసి వాలుగా నిలబెడతాను. కొంచెం సున్నం కలుపుతాను. నీరు కారడం ఆగాక ఒక పిడికెడు గట్టిగా పిండి చూడండి. అరచెయ్యి తడవాలి, చుక్క పడకూడదు. ఈ ఒక్క పరీక్షలో తప్పితే మిగతాదంతా వృథా.

కింద ఇటుకల మీద వెదురు తడిక. దాని మీద అయిదు కట్టలు, మొదళ్ళు అన్నీ ఒక వైపు. వాటి మీద అయిదు, మొదళ్ళు ఎదురువైపు. ఇది ఒక వరస. అంచు నుంచి రెండు మూడంగుళాలు లోపలికి చుట్టూ విత్తనం చల్లి, దాని మీద శనగపప్పు పొడి గానీ కందిపప్పు పొడి గానీ పల్చగా. తర్వాతి వరస అడ్డంగా. ఇలా నాలుగు వరసలు. పై వరసకి మాత్రం విత్తనం మధ్యలో కూడా. బెడ్డు మొత్తానికి ఒక సీసా, నూట యాభై గ్రాముల పొడి చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ కాస్తుందని ఆశపడకండి, ఆ పొడే సిరా గొడుగులకి విందు. ఆఖరున విడిగడ్డి రెండంగుళాలు పరిచి, అరచేతులతో బాగా అదిమి, పాలిథీన్ షీటు చుట్టూ కప్పెయ్యాలి.

మూడో రోజు షీటు కింద నుంచి చెయ్యి లోపలికి పెట్టి చూడండి. జ్వరం వచ్చిన పిల్లాడి ఒళ్ళులా వెచ్చగా ఉండాలి. ముప్పై రెండు నుంచి ముప్పై అయిదు డిగ్రీలు దానికి ఇష్టం. చెయ్యి పెట్టలేనంత కాగుతుంటే షీటు అంచు ఒక గంట ఎత్తండి. ఏడెనిమిదో రోజు షీటు తీసేసి, గాలి, కొంచెం వెలుతురు తగలనివ్వండి. చీకట్లో పిందె వెయ్యదు. ఎండ నేరుగా పడకూడదు. పైన ఆరినట్టుంటే పొగమంచులా నీళ్ళు చల్లండి, పిందె పుట్టాక ధారగా పోస్తే కుళ్ళిపోతుంది.

కోత గురించి. అది గుడ్డు దశలోనే కొయ్యాలి. పైన ముసుగులా ఒక పొర ఉంటుంది, లోపల గొడుగు ముడుచుకుని ఉంటుంది. ఒక గుడ్డు తీసి నిలువుగా కోసి చూడండి, గర్భంలో బిడ్డలా కాడ, టోపీ, రేకులు అన్నీ కనపడతాయి. పొర పగిలిందంటే రెండు మూడు గంటల్లో గొడుగు విప్పేస్తుంది, రేకులు గులాబీ రంగుకి తిరుగుతాయి. తినొచ్చు, రుచికి లోటు లేదు, బజారులో మాత్రం సగం ధర కూడా రాదు. తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి, సాయంత్రం ఒకసారి కోస్తాం. బెడ్డుకి కిలో వస్తే మంచి బెడ్డు, కిలోన్నర వస్తే పండగ. చాలావరకు మొదటి నాలుగు రోజుల్లోనే వస్తుంది, వారం ఆగాక ఇంకొంచెం.

మీ దగ్గర పుల్లటి వాసన వచ్చే ఆ రెండు సంచులూ, సిరా సంచులూ గోతిలో వేసెయ్యండి. సాల నేల సున్నం నీళ్ళతో కడిగి నాలుగు రోజులు ఆరనివ్వండి. కొత్తగా ఒకేసారి రెండు బెడ్లకి మించి వెయ్యకండి.


బరంపురం మేడమీద తోట:

గుణుపురం అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను నిజంగానే పాల పుట్టగొడుగులు వేసేదాన్ని, అందుకని ఆ వైపు మాట నాలుగు ముక్కలు చెప్తాను చెల్లీ, నువ్వు మొదట అనుకున్నది అదే కదా.

దుకాణంలో పాల అని గానీ దూధ్ అని గానీ అడగకు. మిల్కీ అని అడుగు, లేదా కాలోసైబ్ ఇండికా అని కాగితం మీద ఎవరిచేతనైనా రాయించుకుని చూపించు. శాస్త్రం పేరు ఏ భాషవాడికైనా ఒకటే. వరిగడ్డిదైతే వోల్వేరియెల్లా. నేను బడిలో ప్రయోగశాల సహాయకురాలిగా పనిచేసి రిటైరయ్యాను, పేర్లు సరిగా రాసుకోవడం అక్కడ అలవాటైంది.

ఈ పాల పుట్టగొడుగు మన దేశపుదే. 1974లో బెంగాల్ నుంచి దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. తర్వాత తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏపీకే-2 అనే రకం ఇచ్చాక దక్షిణాదిలో బాగా పాకింది. నేను మేడ మీద చిన్న గదిలో, కిటికీలకి గోనెపట్టాలు తడిపి కట్టి వేస్తాను. సంచులు ధింగ్రికి చేసినట్టే. ఇరవై రోజులకి సంచి అంతా తెల్లబడుతుంది. అప్పుడు సంచి నోరు మడిచి, ఉడకబెట్టి చల్లార్చిన మట్టి, బాగా చివికిన గెత్తం, కాస్త సుద్దపొడి కలిపి ఒకటిన్నర అంగుళం పరుస్తాను. ఆ మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి, బురద కాకూడదు. పది రోజులకి సూదుల్లాంటి పిందెలు, ఇంకో వారానికి కోత. నిలవ ఉండటంలో దీనికి సాటి లేదు. కోసి గుడ్డలో చుట్టి పెడితే మూడు రోజులైనా తెల్లగానే ఉంటుంది. పాళ ఛొతు పొద్దున్న కోస్తే రాత్రికి నల్లబడుతుంది.

అయినా నన్నడిగితే ఈ జూన్‌కి పాళ ఛొతే వెయ్యి. మా బరంపురంలో పాల పుట్టగొడుగు కొనేవాళ్ళని నేను వెతుక్కోవాలి. పాళ ఛొతు బుట్ట దించితే చాలు, వాళ్ళే వస్తారు. ఒడియావాళ్ళు ఆవాలు, వెల్లుల్లి నూరి ఛొతు బేసర చేస్తారు, మన ఆవ పెట్టిన కూరలాంటిదే. ఆ రుచికి అలవాటు పడిన నోరు ఇంకోటి ఒప్పుకోదు.


టెక్కలి ఆడపడుచు:

అన్నగారూ, అక్కా, మీకెలా చెప్పాలో తెలియడం లేదు. రాత్రి మా అత్తయ్యకి చదివి వినిపించాను. నాలుగు సంచులు పూడ్చమన్నది తనే అని ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే లేచి గోతి దగ్గరికి వెళ్ళి మట్టి తోసి చూశారు. అంతా నల్లగా నీరైపోయింది. "గుడ్లలాగే ఉండెనమ్మా, నేనే చూశాను" అని మళ్ళీ మళ్ళీ అన్నారు.

మూడు సందేహాలు. మా సాలలో మధ్యాహ్నం పెంకుల కింద బాగా కాగుతుంది, ఆరుబయట మామిడిచెట్టు కింద వెయ్యొచ్చా? కోసినవి ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? పొడుగు గడ్డి అంత దొరకలేదు, నాలుగు బెడ్లకి సరిపడా మాత్రం కాశీనగర్ వైపు ఒకరి దగ్గర ఉంది, పైన కొంచెం తడిసిందన్నారు. తీసుకోనా?


గుణుపురం గడ్డిమేటు:

మామిడి నీడ చాలా మంచిది, జూన్ వానలు పడేదాకా నేనూ చెట్ల కిందే వేస్తాను. చీమలు, చెదలు చూసుకోండి, ఇటుకల చుట్టూ బూడిద పొయ్యండి. వానలు మొదలయ్యాక సాలలోకి మార్చండి. కోళ్ళుంటే దడి కట్టండి, బెడ్డు కెలికేస్తాయి.

కోసినవి ఫ్రిజ్‌లో వద్దు. విత్తనానికి చెప్పిందే కాయకీ. చల్లదనానికి అవి మెత్తబడి నీరు కారిపోతాయి. వెదురు బుట్టలో పల్చగా పరిచి, గాలి ఆడే చోట, పైన తడిగుడ్డ. అమ్ముడుపోనివి నిలువుగా రెండు ముక్కలు చేసి ఎండలో ఎండబెట్టండి, వానాకాలం పప్పులో వేసుకుంటే అద్భుతంగా ఉంటుంది.

తడిసిన పై గడ్డి పక్కన పెట్టించి, లోపలి గడ్డి మాత్రం తూయించుకోండి. ముక్కు దగ్గర పెట్టి చూడండి. ఎండిన గడ్డి వాసన వస్తే తీసుకోండి, బూజు వాసన వస్తే ఊరికే ఇచ్చినా వద్దు.


పాతపట్నం కూరగాయల కొట్టు:

నేను పెంచను, అమ్ముతాను. పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ నది దాటితే మా కొట్టే. పదేళ్ళుగా పాళ ఛొతు తెప్పిస్తున్నాను, కాబట్టి ఈ వైపు కష్టం చెప్తాను.

అమ్మా, మీరు పంట గురించి ఎంత ఆలోచిస్తున్నారో, కోసిన రోజు ఎనిమిది గంటల గురించి అంత ఆలోచించాలి. పొద్దున్న ఆరింటికి నా దగ్గరకొచ్చిన గుడ్డు కిలో రెండు వందల యాభైకి పోతుంది. పదింటికి వచ్చింది నూట యాభై. మధ్యాహ్నం వచ్చింది నేను తీసుకోను, ఎందుకంటే సాయంత్రానికి పొర పగిలి కవరులో చెమట పట్టి వాసన వస్తుంది, కొన్నవాళ్ళు రేపు నా ముఖాన కొడతారు. ఒకాయన గుణుపురం పాసింజరులో పంపేవాడు, బండి లేటైన రోజున మొత్తం పారబోసిన సందర్భాలున్నాయి. పాపం అతని తప్పు కాదు, నా తప్పూ కాదు.

అందుకని రెండు బెడ్లు ఒకే రోజు వెయ్యకండి. ఒకటి ఇవాళ, ఒకటి మూడు రోజుల తర్వాత. అప్పుడు రోజూ కిలోయో అరకిలోయో చేతికొస్తుంది, అది మీ వీధిలోనే చెల్లుతుంది, బండెక్కే పని లేదు. అరకిలో పొట్లాలు కట్టండి, కవరుకి చిల్లులు పెట్టండి. తడి చేసి బరువు పెంచేవాళ్ళున్నారు, ఆ పని ఎప్పుడూ చెయ్యకండి. తడిసిన గుడ్డు గంటలో జిగురొస్తుంది, ఒక్కసారి అలా ఇస్తే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ రారు.

ఇంకో మాట. మా వైపు తెలుగువాళ్ళకి తెల్లటి బటన్ పుట్టగొడుగే తెలుసు, ఈ నల్ల గుడ్డు చూసి జంకుతారు. నేను ఒకటి కోసి లోపలి తెలుపు చూపించాకే కొంటారు. మీరూ అలా చెయ్యండి.


సీతంపేట నుంచి:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. వానలకి కొండ మీంచి సవరవాళ్ళు తెచ్చే పుట్టగొడుగులున్నాయి కదా, పుట్టల మీద లేచేవి. వాటి రుచి ముందు ఇవేవీ నిలవవు. ఆ విత్తనం ఎక్కడైనా దొరుకుతుందా?


గుణుపురం గడ్డిమేటు:

దొరకదు బాబూ. అది చెదపురుగులు పెంచుకునే పంట. పుట్ట లోపల చెదలు నమిలిన కర్రతో తోటలా కట్టుకుని దాని మీద ఆ బూజుని సాకుతాయి, వానకి అదే నేల చీల్చుకుని పైకొస్తుంది. చెదలు లేకుండా మనం పంటగా పండించలేకపోతున్నాం. వానాకాలం తెచ్చేవాళ్ళ దగ్గర కొనుక్కోవడమే.

ఒక జాగ్రత్త మాత్రం ఇక్కడున్న అందరికీ చెప్తున్నాను. పాళ ఛొతు గుడ్డులాగే ముసుగుతో లేచే విషపు గొడుగులు అడవిలో ఉన్నాయి, కింద సంచీలాంటి పొర కూడా ఉంటుంది. మనం వేసిన బెడ్డు మీద లేచిన గుడ్డే కొయ్యాలి. పక్కన నేల మీద అలాంటిదే కనపడినా ముట్టొద్దు. విరిస్తే రంగు మారదు, వెండి నల్లబడదు, చీమలు తిన్నాయి అనే పరీక్షలు నమ్మి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.


టెక్కలి ఆడపడుచు:

ఇరవై రెండు రోజుల తర్వాత రాస్తున్నాను.

ఈసారి పేరు కాగితం మీద రాయించుకుని వెళ్ళాను. దుకాణంలో ఉన్నాయన సీసా వెలుతురుకి పెట్టి చూపించారు. గుణుపురం అన్నగారు చెప్పినట్టే పల్చటి తెలుపు, మధ్యమధ్య ఇటుకపొడి మచ్చలు. నాలుగు సీసాలు తెచ్చి వంటింట్లో గూట్లో పెట్టాను.

కాశీనగర్ గడ్డి పై పొర తీయించేశాను. మొదటి బెడ్డు మామిడిచెట్టు కింద వేశాను. నాలుగో రోజు చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా లేదు. అదమడం చాలలేదని తర్వాత అర్థమైంది, కట్టల మధ్య సందులున్నాయి. ఆ బెడ్డు మొత్తం మీద నాలుగు వందల గ్రాములు వచ్చింది.

రెండో బెడ్డుకి మా అత్తయ్య వచ్చారు. ఆవిడ చిన్నప్పటి నుంచి గడ్డిమేట్లు వేసిన మనిషి. చీర కుచ్చిళ్ళు దోపుకుని, ప్రతి వరసా మోకాలితో నొక్కుతూ, మొదళ్ళు ఎటున్నాయో చూసి సర్దుతూ, "మేటు వెయ్యడం వేరు, ఇది వేరు అనుకున్నావా" అన్నారు. నేను విత్తనం చల్లాను, ఆవిడ కందిపొడి చల్లారు. మూడో రోజు చెయ్యి పెట్టి చూసి ఆవిడే నన్ను పిలిచారు. జ్వరం ఒళ్ళే.

తొమ్మిదో రోజు సగ్గుబియ్యం లేచింది. ఈసారి నాకు గుండె దడదడలాడింది కానీ చెయ్యి పెట్టలేదు. పదకొండో రోజు తెల్లవారుజామున టార్చి పట్టుకుని వెళ్ళాం. గడ్డి అంచున ముప్పై దాకా ఉన్నాయి, ఒకదాన్నొకటి ఆనుకుని, పైన పిల్లి బూడిద రంగు, మీద మంచు చుక్కలు. మొదటి గుడ్డు కొయ్యడం నాకు రాలేదు, లాగితే పక్క పిందెలు కూడా ఊడొచ్చాయి. అత్తయ్య వేళ్ళతో పట్టుకుని నిదానంగా తిప్పి తీశారు, అప్పుడు తెలిసింది తిప్పి తియ్యాలని. ఆ రోజు ఆరు వందల గ్రాములు, మర్నాడు అయిదు వందలు, నాలుగు రోజులకి కిలో మూడు వందలు అయింది. వీధి చివర ఒడియా అమ్మ ఒకావిడ మూడు రోజులు వరసగా పట్టుకెళ్ళారు. పాతపట్నం దాకా పోవాల్సిన పనే పడలేదు.

మొదటి రోజు పావుకిలో ఇంట్లోకి ఉంచాను. అత్తయ్య ఒకటి నిలువుగా కోసి, లోపల ముడుచుకున్న గొడుగుని చాలాసేపు చూశారు. తర్వాత ఆవ పెట్టి వండారు.

మూడో బెడ్డు సిరా గొడుగులు నాలుగు వేసింది, విప్పకముందే పీకేశాను, ఇప్పుడు మనవి కూడా లేస్తున్నాయి. నాలుగోది సాలలో వేశాం, వాన మబ్బు పట్టిందని. రేపు ఎనిమిదో రోజు, పొద్దున్న షీటు తియ్యాలి. అన్నగారూ, సాలలో తలుపు మూసి ఉంచాలా, తెరిచి ఉంచాలా?


గుణుపురం గడ్డిమేటు:

పైన కిటికీ తెరవండి, తలుపు మూసి ఉంచండి అమ్మా. గాలి పైనుంచి ఆడాలి, బెడ్డు మీద నేరుగా కొట్టకూడదు. షీటు తీశాక సాయంత్రం గోడలకి నీళ్ళు చల్లండి, బెడ్డుకి వద్దు. కోసింది ఎంత వచ్చిందో రాయండి.